(3, 1) సాధనేనా? వేసి చూడాలా, సాల్వ్ చేయాలా, గ్రాఫ్ గీయాలా?

పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో లెక్కలు చదువుతారు. సమీకరణం అన్న మాట ఒడియాలోనూ ఉంది కాబట్టి మాటతో చిక్కు లేదు. చిక్కంతా ప్రశ్నతోనే. 5ఎక్స్ + 4వై = 20, ఎక్స్ − వై = 2, వీటికి (3, 1) సాధన, అంటే రెండింటికీ సరిపోయే జవాబు, అవుతుందా అని అడిగితే సగం మంది వెంటనే సాల్వ్ చేయడం మొదలుపెడతారు. "సాల్వ్ చేస్తేనే కదా మాస్టారూ తెలిసేది!" అంటారు.

అక్కర్లేదు. ఎక్స్ బదులు 3, వై బదులు 1 వేయండి. రెండో సమీకరణంలో 3 − 1 = 2, సరిపోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి 'అవును' అని రాసేస్తారు, నాకు బాధ కలిగేది అక్కడే, ఎందుకంటే మొదటిదాంట్లో 15 + 4 అంటే 19 వస్తుంది, 20 రాదు. రెండూ ఒప్పుకుంటేనే సాధన, ఒక్కటి కాదన్నా కాదు.

గ్రాఫ్ గీస్తే ఇంకా ప్రమాదం. ఈ రెండు గీతలూ కలిసేది సుమారు (3.11, 1.11) దగ్గర, పెన్సిల్ గీత కాస్త మందంగా పడితే అది (3, 1) లాగే కనిపిస్తుంది. రెండు గీతలు కలవడం అంటే ఏమిటో కళ్లకు కట్టడానికి గ్రాఫ్‌ని మించింది లేదు, నేనూ పాఠం దాంతోనే మొదలుపెడతాను, కానీ సరిచూడటానికి మాత్రం దాన్ని నమ్మను.

ఎక్స్ + వై = 5, 2ఎక్స్ + 2వై = 10 లాంటివి వస్తే, రెండూ నిజానికి ఒకటే సమీకరణం కాబట్టి, సాల్వ్ చేసేవాళ్లు 0 = 0 దగ్గర బిత్తరపోతారు. (1, 4) వేసి చూసినవాడికి రెండు లైన్లలో 'అవును' అని తేలిపోతుంది.

వేసి చూడటంలోనూ జాగ్రత్త కావాలి. (3, 1), (1, 3) ఒకటి కావు. ఎక్స్ − వైలో ఎక్స్ 1, వై −1 అయితే బ్రాకెట్ పెట్టాలి: 1 − (−1) = 2. బ్రాకెట్ లేకపోతే 0 వేసేస్తారు.

కాబట్టి 'అవుతుందా' అని అడిగితే వేసి చూడటమే మేలు. '(3, 1) కాకపోతే మరి ఏది?' అని అడిగితేనే సాల్వ్ చేయాలి. రెండోదాన్ని 4తో గుణించి మొదటిదానికి కలిపితే 9ఎక్స్ = 28. ఎక్స్ 28/9, వై 10/9. ఆ జవాబునూ మళ్లీ వేసి చూడమంటాను: 140/9 + 40/9 అంటే 20, 28/9 − 10/9 అంటే 2.