జాగ్రత్త: క్రొయేషియాలో యాట్ అద్దెకు తీసుకునేవాళ్ళు డిపాజిట్ దగ్గర కళ్ళు తెరిచి ఉండండి

మ్యూనిక్‌లో, స్టట్‌గార్ట్‌లో ఉన్న మనవాళ్ళు ఈమధ్య వరసగా అడుగుతున్నారు, “మీరు క్రొయేషియాలో పడవ తీసుకున్నారటగా, ఎలా ఉంది, మేమూ బుక్ చేద్దామనుకుంటున్నాం” అని. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, మేం పెట్టిన 2,500 యూరోల డిపాజిట్‌లోంచి 1,450 కోసుకున్నారు, మేం చెయ్యని దెబ్బకి. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్కరినీ వదిలేసి పక్క రేవులో ఇంకొకరి దగ్గర బుక్ చేస్తారు, వాళ్ళ కాగితాలూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

మేం మోసపోవడానికి అసలు కారణం మొదటిసారి చాలా బాగా జరగడం. 2019లో వెళ్ళాం, మేమూ మా ఆడపడుచు వాళ్ళూ. స్లొవేనియా దాటాక సరిహద్దు దగ్గర రెండు గంటలు క్యూ, అప్పట్లో డబ్బు కూడా వేరే, యూరోలు మార్చుకుని కూనాలు తీసుకోవాలి. అయినా ఆ వారం గుర్తొస్తే ఇప్పటికీ మా ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. షోల్తా దీవిలో మస్లినిత్సా అని చిన్న ఊరుంది, ఆ రేవులో మొదటి రాత్రి. పడవలో గ్యాస్ పొయ్యి ఊయలలా వేలాడుతూ ఉంటుంది, పడవ ఎటు ఒరిగినా గిన్నె తొణక్కుండా. దానిమీద నేను కుక్కర్‌లో పప్పు పెట్టాను. మొదటి విజిల్‌కే చుట్టుపక్కల పడవల్లోంచి తలలు బయటికొచ్చాయి, రెండో విజిల్‌కి ఒక జర్మన్ పెద్దాయన లేచి నిలబడి మా వైపే చూస్తున్నాడు, ఏదో పేలిపోతోందనుకున్నాడు పాపం. పడవ నడిపే మా స్కిప్పర్ ఆవకాయ అన్నం తిని కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అడిగాడు. ఆఖరి రోజు పడవ అప్పజెబితే ఒకాయన వచ్చి పది నిమిషాలు అటూ ఇటూ చూసి, చెయ్యి కలిపి, కార్డు మీద పట్టిపెట్టిన డబ్బు వదిలేశాడు. డిపాజిట్ అంటే ఇంతేగా అనుకున్నాం.

అప్పుడు మా అత్తయ్యగారూ మామయ్యగారూ జర్మనీలోనే ఉండి కూడా రాలేకపోయారు. వాళ్ళది ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా, ఒకే వీసాతో తిరగగలిగే ఆ షెంగెన్ దేశాల్లో క్రొయేషియా అప్పటికి లేదు, ఒకసారి అటు దాటితే మళ్ళీ మ్యూనిక్‌కి రావడం కుదరదు. మామయ్యగారిది సఖినేటిపల్లి, నరసాపురం రేవుకీ ఊరికీ మధ్య పంటు మీద గోదావరి దాటుతూ పెరిగిన మనిషి. ఫోటోలు చూసి “నన్ను కూడా తీసుకెళ్ళాల్సింది” అని ఒకటే మాట. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లోకీ యూరోలోకీ ఒకేసారి వచ్చింది. ఆ వారమే మా ఆయన వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి జులైలో రమ్మన్నారు.

45 అడుగుల తెరచాప పడవ, నాలుగు గదులు, వారానికి 4,200 యూరోలు. సగం బుకింగ్ అప్పుడు, మిగతా సగం నెల ముందు. ఇది కాక అక్కడికి వెళ్ళాక క్లీనింగు, టూరిస్టు పన్ను, దుప్పట్లు, చిన్న రబ్బరు పడవకి మోటారు, అన్నిటికీ విడిగా 600 పైన తీసుకున్నారు. మాకెవరికీ పడవ నడిపే లైసెన్సు లేదు, అక్కడ లైసెన్సూ రేడియో సర్టిఫికెట్టూ లేకుండా పడవ చేతికివ్వరు, కాబట్టి స్కిప్పర్‌కి రోజుకి 200, ఆయన తిండీ ఒక గదీ మనవే. ఇవన్నీ ముందే తెలుసు, వీటి మీద నాకేం గొడవ లేదు.

బయల్దేరడానికి ఆరు రోజుల ముందు మెయిల్ వచ్చింది. మీరు బుక్ చేసిన పడవకి ఇంజను సమస్య, దానికి సమానమైనది ఇస్తున్నాం అని. మేం బుక్ చేసింది 2019లో కట్టినది, ఇచ్చింది 2007ది. అదేంటంటే కాంట్రాక్టులో “అదే పడవ లేదా అలాంటిది” అని ఉందట, పొడవూ గదులూ సమానమైతే అలాంటిదే అవుతుందట, వయసుతో సంబంధం లేదట. జులైలో ఆఖరి నిమిషంలో ఇంకో పడవ దొరకదని వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

ఇక శనివారం. అక్కడ దాదాపు అందరూ శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, పొద్దున పాతవాళ్ళు దిగుతారు, సాయంత్రం కొత్తవాళ్ళు ఎక్కుతారు, మధ్యలో వందల పడవలు కడగాలి. మాకు 5 గంటలకి అన్నారు, ఏడున్నరకి ఇచ్చారు. 900 కిలోమీటర్లు కారు నడిపి వచ్చాం, ఎండకి సూపర్ మార్కెట్ సంచుల్లో పాలు వేడెక్కిపోతున్నాయి, పిల్లలు ఏడుపు, అత్తయ్యగారు సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నారు. అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు, చేతిలో టాబ్లెట్టు. ఇది ఇంజను, ఇది గ్యాస్ వాల్వు, టాయిలెట్‌కి ఇలా పంపు కొట్టాలి, లైఫ్ జాకెట్లు తొమ్మిది, లెక్క పెట్టుకోండి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది, ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. మా ఆయన పెట్టేశారు. ఆ లిస్టులో ఒక లైను ఉంది, “నీటి కింది భాగం, కీల్, ప్రొపెల్లర్: లోపాలు లేవు” అని. కీల్ అంటే పడవ అడుగున నీళ్ళలోకి దిగి ఉండే బరువైన రెక్కలాంటి భాగం. మా కళ్ళముందు ఎవరూ నీళ్ళలోకి దిగలేదు, మాకు ఏ ఫోటో చూపించలేదు, అయినా లోపాలు లేవని మా చేత్తో మేమే ఒప్పుకున్నాం. ఈ పోస్టు మొత్తం ఈ ఒక్క లైను కోసమే రాస్తున్నా.

వారం బాగోలేదని అనను. బ్రాచ్ దీవిలో జ్లాత్ని రాత్ దగ్గర గులకరాళ్ళ ఒడ్డు సముద్రంలోకి నాలుకలా సాగి ఉంటుంది, మామయ్యగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దాని చివరిదాకా నడిచారు, అచ్చం అంతర్వేదిలో సంగమం దగ్గర అన్నాచెల్లెలి గట్టులా ఉందన్నారు. స్కిప్పర్‌ని “సరంగు” అని పిలిచేవారు, రెండో రోజుకల్లా ఆ అబ్బాయి ఆ పేరుకి పలకడం మొదలుపెట్టాడు. కానీ మూడో రోజు ఒక టాయిలెట్ మూసుకుపోయింది. ఎంత పంపు కొట్టినా కిందికి పోదు. బేస్‌కి, అంటే మేం పడవ ఎక్కిన రేవులోని కంపెనీ ఆఫీసుకి, ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపిస్తాం అన్నారు, ఆ రేపు రాలేదు. తొమ్మిది మందికి ఒకే టాయిలెట్. అత్తయ్యగారు నోరు తెరిచి ఏమీ అనలేదు గానీ సాయంత్రం నాలుగు దాటాక మంచినీళ్ళు మానేశారు, ఆ సంగతి నేను రెండు రోజుల తర్వాత గమనించాను. డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధ. విస్ దీవి దగ్గర ఇంకో రాత్రి ఉందామనుకున్నాం, దక్షిణపు గాలి లేస్తోందని, దాన్ని అక్కడ యూగో అంటారు, సరంగు ముందే తిప్పి మిల్నా రేవుకి తెచ్చేశాడు. మంచి పనే చేశాడు. ఆ వారం పడవ ఎక్కడా నేలకి తగల్లేదు. అంత బరువున్న పడవ అడుగు రాయికి తగిలితే నిద్రపోయేవాడు కూడా లేస్తాడు.

శుక్రవారం సాయంత్రం పడవని తిరిగి బేస్‌కి చేర్చాలి. ఈసారి మాత్రం డైవర్ వచ్చాడు. వచ్చేటప్పుడు దిగని డైవర్ పోయేటప్పుడు దిగాడు చూడండి. ఐదు నిమిషాల్లో పైకొచ్చి ఫోన్‌లో ఫోటో చూపించాడు, కీల్ కింది అంచున అరచెయ్యంత మేర చెక్కుకుపోయి ఉంది. మేం అవాక్కయి చూస్తుంటే మామయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫోన్ అడిగి తీసుకుని రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేశారు. “అమ్మాయ్, ఇందులో నాచు పట్టింది చూడు. కొత్తగా గీసుకున్నదైతే తళతళా ఉండాలి కదా” అన్నారు. చూస్తే నిజమే, గాడిలో పచ్చగా, జుట్టులా పీచులు కూడా ఉన్నాయి. నేను వెంటనే ఆ స్క్రీన్‌ని నా ఫోన్‌తో ఫోటో తీశాను, తర్వాత ఆ మాత్రం పనికొచ్చింది అదే. ఆఫీసాయనతో అంటే ఇక్కడ నాచు త్వరగా పడుతుందండీ అన్నాడు. వారంలోనా? మా ఫ్రిజ్‌లో పెరుగు కూడా అంత తొందరగా పాడవదు.

పోనీ తగిలిందే అనుకుందాం, నడిపింది మీరు పంపిన మనిషే కదా అని మా ఆయన అడిగారు. దానికి ఆయన కాంట్రాక్టు తీసి చూపించాడు, స్కిప్పర్ ఉన్నా సరే డిపాజిట్ బాధ్యత అద్దెకు తీసుకున్నవాళ్ళదే. అంటే జీతం మనం ఇవ్వాలి, అతను ఎవరి మాట వినాలో మాత్రం వాళ్ళ ఇష్టం. సరంగు అంతసేపూ తాడు చుట్టుకుంటూ కూర్చున్నాడు, మా వైపు చూడలేదు. అతన్ని నేను పెద్దగా తప్పుపట్టను, వచ్చే శనివారం కూడా అతనికి వాళ్ళే పని ఇవ్వాలి.

తర్వాత రెండు దారులు చెప్పారు. 1,450కి ఒప్పుకుని సంతకం పెడితే మిగతా 1,050 ఇప్పుడే వదిలేస్తాం, లేదంటే అక్టోబరులో పడవని గట్టుకెక్కించి అంచనా వేసేదాకా మొత్తం 2,500 మా దగ్గరే ఉంటుంది అని. శనివారం పొద్దున 8 గంటలు, మా సామాన్లు గట్టు మీద, తర్వాతి కుటుంబం సూట్‌కేసులతో ఎదురుగా నిలబడి మమ్మల్నే చూస్తోంది, ముందు పది గంటల డ్రైవింగు. మా ఆయన సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు పైన “దీనికి నేను ఒప్పుకోవడం లేదు” అని ఒక్క ముక్క రాసి ఉంటే బ్యాంకు మా మాట వినేదేమో. ఇంటికొచ్చి కార్డు బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే, మీరే ఒప్పుకుని సంతకం చేశారుగా అన్నారు. లాయర్‌ని పెట్టుకుంటే ఖర్చు పోయిన డబ్బుని మించిపోయేలా ఉంది. చివరికి బుకింగ్ చేయించిన బ్రోకర్ వెంట పడ్డాం. ఆ నాచు ఫోటో పంపించి, మాకంటే ముందు వారం డైవర్ తీసిన ఫోటోలు చూపించమన్నాం, అవి మాత్రం ఎన్నిసార్లు అడిగినా రాలేదు. నాలుగు నెలల మెయిళ్ళ తర్వాత 500 తిరిగి ఇచ్చారు, అదీ తప్పు ఒప్పుకుని కాదు, “మర్యాదపూర్వకంగా”.

కాబట్టి వెళ్ళేవాళ్ళు దయచేసి వినండి. బుక్ చేసేముందే అడగండి, పడవ అప్పజెప్పేటప్పుడు నీటి కింది ఫోటోలు ఇస్తారా అని, ఇస్తామంటే మెయిల్‌లో రాయించుకోండి. ఇవ్వమంటే ఆ లైను పక్కన “చూపించలేదు” అని మీరే రాసి సంతకం పెట్టండి. చాలా మెరీనాల్లో నీళ్ళలోకి దిగనివ్వరు, దిగొద్దు కూడా, కానీ ఆదివారం మొదటి ఈతకి ఆగుతారు కదా, ఇంజను ఆపి తాళం చెవి మీ జేబులో పెట్టుకున్నాక, ఈత బాగా వచ్చినవాళ్ళు ఒకరు మాస్కు పెట్టుకుని కిందికి చూసి, తడవని కవర్‌లో ఫోన్ పెట్టి కీల్, ప్రొపెల్లర్, చుక్కాని ఫోటోలు తియ్యండి. ఆ నిమిషమే బేస్‌కి మెయిల్ కొట్టండి, వాట్సాప్ చాలదు. పైన కూడా అంతే, పాత గీతలు, చిరిగిన తెరచాప అంచు, రబ్బరు పడవ అడుగు, అన్నీ వీడియో. పిల్లలు ఎంత ఏడ్చినా గంట పట్టినా సరే, ఒక పెద్ద మనిషి పిల్లల్ని తీసుకుని ఐస్‌క్రీమ్‌కి పోతే మిగతావాళ్ళు నిదానంగా చూసుకోవచ్చు.

జర్మనీలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట, డిపాజిట్‌కి విడిగా ఇన్సూరెన్సు దొరుకుతుంది, పడవకి సంబంధం లేని కంపెనీల దగ్గరే. మేం ఆ కొంచెం డబ్బు దండగనుకున్నాం. ఏమేం కవరవుతాయో, స్కిప్పర్ నడిపితే వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి. స్కిప్పర్‌ని కుదిరితే విడిగా మాట్లాడుకోండి, ఆయనకి సొంత ఇన్సూరెన్సు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. “అలాంటి పడవ” అన్న చోట, ఫలానా ఏడాది కంటే పాతది ఇవ్వకూడదు అని రాయించుకోండి, ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు, మేం ఈసారి అడిగి చూశాం.

అవును, మళ్ళీ వెళ్తున్నాం. మామయ్యగారు ఒప్పుకోవడమే కాదు, తడవని ఫోన్ కవర్ ఆయనే కొని పెట్టుకున్నారు. మా పాత కాగితాల్లో ఆ మూడు లైన్లు, “అలాంటిది” అన్నదీ, “లోపాలు లేవు” అన్నదీ, స్కిప్పర్ ఉన్నా బాధ్యత మనదే అన్నదీ, ఎక్కడుంటాయో చూడాలనుకునేవాళ్ళు మెసేజ్ పెట్టండి, పేర్లు కొట్టేసి పంపిస్తా.