మానోమీటర్‌లో ఏం పోయాలి? పదిహేడేళ్ళ వాడకం తర్వాత

పోయినేడు తోతాపురి సీజన్ మంచి ఊపులో ఉన్నప్పుడు, ఫిల్లింగ్ గదికి గాలి పంపే ఫిల్టర్ దగ్గర వాలు మానోమీటర్ (ఏటవాలు గొట్టంలో ద్రవం ఎంత జరిగిందో చూసి, గాలి పీడనాన్ని నీటి మట్టం మిల్లీమీటర్లలో చెప్పేది) 20, 21 చూపిస్తోంది. 25 మిల్లీమీటర్లు దాటితే ఫిల్టర్ మార్చాలన్నది మా నియమం. కానీ గదిలోకి గాలి సరిగా రావడం లేదని చేతికే తెలుస్తోంది. ట్యూబు దగ్గరికి వెళ్ళి చూస్తే లోపలున్నది లేత గులాబీ రంగు. దానిలో పోయాల్సిన గేజ్ ఆయిల్ అనే ఎర్ర నూనె అయితే చిక్కటి ఎరుపులో ఉండాలి.

"అన్నా, ఎర్రాయిలు అయిపోయింది. సిరా కలిపి నీళ్ళు పోసినా. బానే చూపిస్తా ఉంది కదా," అన్నాడు మా కుర్రాడు.

ఆ స్కేలు 0.826 సాంద్రత ఉన్న నూనె కోసం గీసింది. అందులో నీళ్ళు పోస్తే ప్రతి రీడింగూ నూటికి పదిహేడు పైగా తగ్గిపోతుంది. నిజంగా 25 ఉన్నచోట 20.6 కనబడుతుంది. ఫిల్టర్ ఎప్పుడో మార్చాల్సింది. వాణ్ణి నేనేమీ అనలేదు, ఎందుకంటే ఆ సంగతి గేజ్ మీద ఎక్కడా రాసిలేదు. ఆ సాయంత్రమే పెయింట్‌తో పెద్దగా '0.826 నూనె మాత్రమే' అని రాశాను.

తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో ఆరేళ్ళు, చిత్తూరు దగ్గర ఈ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పనిచేశాను. పాదరసం, రంగునీళ్ళు, కిరోసిన్, గేజ్ ఆయిల్ నాలుగూ నా చేత్తో పోసినవే. ఏది మంచిదని అడిగితే నేను ముందు తిరిగి అడిగేది: కొలిచేది ఎంత? ద్రవం కనీసం వంద మిల్లీమీటర్లయినా కదలాలి, అట్లని గొట్టం దాటి పోకూడదు. సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

కాలేజీలో పైపులో నీటి ప్రవాహం కొలిచే వెంచురీ, ఆరిఫిస్ మీటర్లన్నిటికీ పాదరసమే. సాంద్రత 13.6 కాబట్టి గొట్టం పొట్టిగా ఉన్నా సరిపోతుంది, ఆవిరై తగ్గిపోయే బాధ లేదు. పాదరసం పైన నీళ్ళుంటే లెక్కలో 13.6 కాదు, నీటి 1 తీసేసి 12.6 వేయాలి. ఏటా సగం మంది పిల్లలు అక్కడే తప్పేవాళ్ళు. ఒకరోజు ఒకబ్బాయి రెండు వాల్వుల్లో ఒకటే తెరిచాడు, అదీ ఒక్కసారిగా. పాదరసం పైగొట్టంలోంచి ఎగదన్నుకుని నేల మీద పడింది. ముత్యాల్లాగ బెంచీల కిందికి, గచ్చు పగుళ్ళలోకి దొర్లిపోయింది. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, సిరంజితో ఒక్కొక్క చుక్కా పీల్చి, పగుళ్ళలో గంధకం పొడి చల్లాం. చీపురు పెట్టకూడదు, చుక్కలు ఇంకా చిన్నవై చెదిరిపోతాయి. ఎంత ఏరినా పూర్తిగా పోలేదు. వారం తర్వాత కూడా బెంచీ కాలి పక్కన ఒక మెరుపు కనబడింది. దాని ఆవిరి కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. ఆ గదిలో రోజంతా కూర్చునేది నేనే. పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు కుదుర్చుకున్న 2013 మినమాటా ఒప్పందంలో దశలవారీగా ఆపాల్సిన పరికరాల్లో మానోమీటర్లు కూడా ఉన్నాయి. 2018లో మన దేశమూ దాన్ని ధ్రువీకరించింది. ఇప్పటికీ ల్యాబులో పాదరసం పెట్టుకున్నవాళ్ళకు నా మాట ఒకటే, తీసేయండి. అంత పీడనానికి డిజిటల్ మీటరు చాలు.

పాత పుస్తకాల్లో కార్బన్ టెట్రాక్లోరైడ్ పేరు కనబడుతుంది. కాలేయానికి విషం, ఓజోన్‌కూ చేటు. దాని జోలికి వద్దు.

కిరోసిన్ రెండేళ్ళు వాడాను. నీటికన్నా తేలిక కాబట్టి అదే పీడనానికి మట్టం ఎక్కువ కదులుతుంది, 100 మిల్లీమీటర్ల నీటికి దాదాపు 125. కానీ ప్లాస్టిక్ పైపు బిరుసెక్కి, మూతి దగ్గర చిట్లింది. రబ్బరు వాషర్లు ఉబ్బాయి. పైగా బాయిలర్ పక్కన కిరోసిన్ గొట్టం వేలాడదీయడం నాకు మొదటినుంచీ ఇష్టంలేదు.

బ్లోయర్ లైన్లలో వందల మిల్లీమీటర్లు వచ్చేచోట ఇప్పుడు రంగునీళ్ళే. ఖర్చు లేదు, ఒలికితే గుడ్డతో తుడిస్తే చాలు. అయితే మా బోరు నీళ్ళు పోయకండి. చిత్తూరు ఎండకు నెల తిరిగేసరికి గాజు మీద తెల్లటి ఉప్పు గీతలు పడతాయి, మట్టం ఎక్కడుందో తెలియదు. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపాలి. నీరు గాజును పట్టుకుని పైకి లాగే గుణం మామూలుది కాదు, 4 మిల్లీమీటర్ల సన్న గొట్టంలో దాదాపు 7 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. యూ ట్యూబులో (U ఆకారంలో వంచిన గొట్టం) రెండు కాళ్ళూ శుభ్రంగా, ఒకే కొలతలో ఉంటే అది రెండువైపులా సమానంగా పోతుంది. ఒక కాలికి జిడ్డు పట్టిందా, గాలి లేకుండానే రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చూపిస్తుంది. ఆ సబ్బు చుక్క ఈ లాగుడును సగానికి సగం తగ్గిస్తుంది. వేసేటప్పుడు నురగ రాకుండా మెల్లగా తిప్పాలి. వేసవిలో పదిహేను రోజులకోసారి నీళ్ళు మార్చి, సున్నా సరిచూడాలి.

బాయిలర్ పొయ్యి డ్రాఫ్ట్, అంటే పొగను లాగే పీడనం తేడా, కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. అక్కడ వాలు గొట్టం, ఎర్ర గేజ్ ఆయిల్ తప్ప వేరేది నాకు నచ్చలేదు. ఒకటికి పది వాలులో 1 మిల్లీమీటరు నీటి పీడనానికి నూనె 12 మిల్లీమీటర్లు జరుగుతుంది. నీళ్ళలాగ ఎండిపోదు. లోపం లేకపోలేదు: ఎండకు నీటికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకే సున్నాను పొద్దున చల్లపొద్దులో కాకుండా, బాయిలర్ వేడెక్కాక ఇంపల్స్ పైపు (పొయ్యి నుంచి గేజ్‌కి పీడనం తెచ్చే సన్న పైపు) విప్పి పెడతాను. ధర ఎక్కువే, ఊళ్ళో దొరకదు, చెన్నై నుంచి తెప్పించాలి. అందుకని సీజన్ మొదలయ్యేలోపే రెండు సీసాలు తెచ్చి, ఒకటి నా బీరువాలో తాళం వేసి ఉంచుతున్నాను.