వ్యసన విముక్తి కేంద్రం: చికిత్స బాగుంది, ఆ తరువాతి తోడు లేదు

మా తమ్ముడిని చేర్పించిన ఒక ప్రైవేటు వ్యసన విముక్తి కేంద్రం పనితీరు గురించి, అక్కడి చికిత్సను మొదటి నుంచి దగ్గరగా చూసిన అన్నగా ఈ సమీక్ష రాస్తున్నాను. ఇటువంటి కేంద్రం కోసం వెతికే కుటుంబాలు ముందుగా గదులు ఎలా ఉన్నాయి, కాపలా ఉందా, ఎన్ని రోజులు ఉంచుకుంటారు అని అడుగుతాయి. అంతకంటే ముఖ్యంగా తెలుసుకోవలసినవి రెండున్నాయి. మనిషి మత్తుకు ఎందుకు అలవాటుపడ్డాడో అక్కడి వైద్యులు వెతుకుతారా? ఇంటికి పంపాక అతడిని పట్టించుకుంటారా? ఈ కేంద్రం మొదటి పని చాలా బాగా చేసింది, రెండవది దాదాపు చేయలేదు.

తమ్ముడి వ్యసనం స్నేహితుల మధ్య సరదాగా మొదలైనది కాదు. ప్రమాదంలో కాలు విరిగినప్పుడు వైద్యుడు రాసిచ్చిన ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మాత్రలతో మొదలైంది. ఎముక అతుక్కున్నా మాత్రలు ఆగలేదు. ఆ వెంటనే ఉద్యోగం పోవడంతో, నొప్పి కోసం వేసుకున్న మాత్ర దిగులు కోసం వేసుకునే మాత్రగా మారింది. తమ్ముడు చేరిన రోజునే కేంద్రంలోని మానసిక వైద్యురాలు ఈ క్రమాన్ని ఓపికగా రాబట్టారు. ఏం వాడావు, ఎంత వాడావు అన్న వివరాలతో సరిపెట్టక, నిద్ర ఎప్పటి నుంచి చెడింది, ఎవరితో మాట్లాడడం మానేశావు, ఇంట్లో ఇంకెవరికైనా వ్యసనం ఉందా, కుంగుబాటు లక్షణాలు ముందే ఉన్నాయా అని విడివిడిగా అడిగారు. వ్యసనానికి గురయ్యే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్య లక్షణాల వల్లనే వస్తుందని, మిగిలినదానిలో బాల్యంలోని హింస, ఒంటరితనం, మానసిక వ్యాధులు, మత్తు పదార్థం సులువుగా దొరకడం వంటివి కలుస్తాయని ఆమె వివరించినప్పుడు, అప్పటిదాకా తమ్ముడిని బుద్ధిలేనివాడని తిడుతున్న మా నాన్నగారు మౌనంగా విన్నారు.

మందుల విషయంలో ఈ కేంద్రాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఓపియాయిడ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, చలి, నిద్రలేమి, తట్టుకోలేని ఆందోళన పట్టుకుంటాయి. ఆ బాధ తప్పించుకోవడానికే చాలామంది మళ్లీ మత్తును ఆశ్రయిస్తారు. ఇక్కడ ఆ బాధను, మత్తు కోరికను తగ్గించే బ్యూప్రినార్ఫిన్ అనే ఓపియాయిడ్ మాత్రను, శరీరంలో పాత మందు ప్రభావం తగ్గి ఉపసంహరణ లక్షణాలు (మత్తు ఆపినప్పుడు వచ్చే ఆ బాధలు) కనిపించేదాకా ఆగి, నాలుక కింద ఉంచి, మోతాదును జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చారు. ఒక మత్తు మాన్పించి మరొక మత్తు అంటగడుతున్నారని మా బంధువులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో నిజం లేదు. బ్యూప్రినార్ఫిన్‌ను, ఇదే చికిత్సలో వాడే మెథడోన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఈ మందులు సక్రమంగా వాడుతున్నంతకాలం అధిక మోతాదు వల్ల సంభవించే మరణాలు గణనీయంగా తగ్గుతాయి. ఏ మందూ ఇవ్వకుండా గదిలో పెట్టి తాళం వేయడాన్నీ, కొట్టి దారికి తేవడాన్నీ చికిత్స అని పిలిచే చోట్లు ఇంకా ఉన్నాయి. ఎంత నిస్సహాయ స్థితిలో ఉన్నా అటువంటి చోటికి ఎవరినీ పంపవద్దని వేడుకుంటున్నాను.

కౌన్సెలింగ్‌లో కుటుంబ సమావేశాలు మాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేశాయి. తమ్ముడు చేసిన అప్పులు అమ్మ గుట్టుగా తీరుస్తూ వచ్చింది. ఆ సంగతి తెలిశాక నాన్నగారు ఆమెతో మాట్లాడడం మానేశారు. నా భార్య మా పిల్లలను బాబాయి దగ్గరికి పంపడానికి భయపడింది. ఒకరి వ్యసనం ఇంటిల్లిపాదిని ఎలా విడదీస్తుందో, రోగి పక్కన కూర్చొని అతడి సమక్షంలోనే చెప్పుకోగలిగాము. నిందించకుండా మాట్లాడడం ఎలాగో, డబ్బు ఇవ్వడానికీ అండగా నిలవడానికీ తేడా ఏమిటో కౌన్సెలర్ నేర్పించారు. అక్కడ ఇతర కుటుంబాల కథలు విన్నప్పుడు నష్టం ఇంటి గడప దాటి ఎంత దూరం పోతుందో అర్థమైంది. ఒకరు వాడిన సూదిని మరొకరు వాడడం వల్ల హెపటైటిస్-సి సోకినవారు, మత్తులో బండి నడిపి ఇతరులను గాయపరిచినవారు, చిన్న మోతాదుతో పట్టుబడి జైలుకు వెళ్లి, ఆ ముద్ర వల్ల పని దొరకక మళ్లీ అదే సావాసంలో పడినవారు అక్కడ ఉన్నారు. చికిత్సకు రావలసిన మనిషి శిక్షకు భయపడి దాక్కుంటే ఈ నష్టం సమాజానికి ఇంకా పెరుగుతుంది.

ఇక లోపాల సంగతి. వ్యక్తిగత కౌన్సెలింగ్‌కు కేటాయించిన సమయం చాలలేదు. మొదటిసారి వచ్చిన కుర్రవాళ్లను, ఏళ్ల తరబడి సూదులు వాడినవారిని ఒకే గదిలో ఉంచడం నాకు నచ్చలేదు. కానీ ఇవి సర్దుకోగలిగినవే. ఇంటికి పంపిన రోజున జరిగిన నిర్లక్ష్యాన్ని మాత్రం తేలికగా తీసుకోలేను. మా చేతిలో ఒక కాగితం పెట్టి, జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. తిరిగి ఎప్పుడు రావాలో తేదీ లేదు. బ్యూప్రినార్ఫిన్ ఎక్కడ కొనసాగించాలో చెప్పలేదు. కొంతకాలం మత్తు మానినవారి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుందని, అందువల్ల మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శ్వాస ఆగి చనిపోయే ప్రమాదం విడుదలైన తొలి వారాల్లో చాలా ఎక్కువని ఎవరూ హెచ్చరించలేదు. ఆ స్థితిలో ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టి ప్రాణం కాపాడే నాలోక్సోన్ అనే మందు పేరు కూడా ఎత్తలేదు. ఇవన్నీ తరువాత వేరే వైద్యుడి దగ్గర తెలుసుకున్నాము.

చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ వాడకానికి మరలుతారని అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ అధ్యయన సంస్థ చెబుతుంది. రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారిలోనూ వ్యాధి తిరగబెట్టే శాతం ఇంచుమించు ఇంతేనని కూడా ఆ సంస్థ గుర్తు చేస్తుంది. రక్తపోటు రోగిని ఒకసారి మందిచ్చి ఇక రావద్దని ఎవరూ పంపరు కదా! పరిసరాల ప్రభావం ఎంతటిదో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికులపై 1970లలో లీ రాబిన్స్ చేసిన పరిశోధన చూపింది. అక్కడ హెరాయిన్‌కు బానిసలైనవారిలో ఎక్కువమంది, యుద్ధభూమిని వదిలి ఇంటికి చేరాక ఆ అలవాటులోకి తిరిగి పోలేదు. మా తమ్ముడి విషయంలో జరిగింది దీనికి తలకిందులు. శుభ్రమైన, ప్రశాంతమైన చోట కోలుకొని, నిరుద్యోగమూ ఒంటరితనమూ ఉన్న పాత గదికే తిరిగి వచ్చాడు. పని వెతుక్కోవడానికి గానీ, కోలుకున్నవారి బృందంలో చేరడానికి గానీ కేంద్రం ఏ దారీ చూపలేదు.

వైద్యుల నైపుణ్యానికి, సిబ్బంది మర్యాదకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. విడుదల తరువాతి సేవకు ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను. ఉపసంహరణ దశ దాటడానికి వైద్య పర్యవేక్షణ కావలసినవారికి ఈ స్థాయి కేంద్రం నిస్సందేహంగా ఉపయోగపడుతుంది. అయితే చేర్పించే రోజునే, విడుదల తరువాత కనీసం ఏడాదిపాటు ఎవరు చూస్తారు, మందు ఎక్కడ దొరుకుతుంది, మళ్లీ వాడితే చేర్చుకుంటారా, నాలోక్సోన్ వాడడం ఇంట్లోవారికి నేర్పిస్తారా అని అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.