ఇంటికొచ్చే మానసిక వైద్యం: నర్సుకి ఫుల్ మార్కులు, ఆఫీసుకి సున్నా

మా తమ్ముడిది స్కిజోఫ్రెనియా. పక్కింటివాళ్లు గోడ అవతల నుంచి తిడుతున్నారంటాడు, అన్నంలో ఏదో కలిపారంటాడు. హాస్పిటల్ మాటెత్తితే గడియ పెట్టుకుంటాడు. అందుకే గుంటూరులో సైకియాట్రిస్టునీ, నర్సునీ ఇంటికి పంపే ఒక ప్రైవేటు సర్వీసు పెట్టుకున్నాం.

డాక్టరు నెలకోసారి వచ్చి పావుగంట ఉంటారు. అసలు వైద్యమంతా నర్సుదే. మొదటిసారి వచ్చినప్పుడు మందుల ఊసే ఎత్తలేదు. వరండాలో కూర్చుని వాడితో క్రికెట్ మాట్లాడి, టీ తాగి వెళ్లిపోయింది. దీనికా డబ్బులు అని నాన్న సణిగారు. తర్వాతిసారి గేటు తీసింది వాడే.

అమ్మ మజ్జిగలో మాత్ర పొడి కలిపిస్తోందని తెలిసి ఆవిడ అన్న మాట: "పిన్నిగారూ, ఏదో కలుపుతున్నారని భయపడేవాడికి నిజంగానే కలిపితే ఇంకెవర్ని నమ్ముతాడు?" ఆ రోజుతో అది ఆగింది. డాక్టరు వాడితోనే మాట్లాడి ఒప్పించి, కొన్ని వారాలకోసారి వేసే ఫ్లూఫెనజైన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పాత మందే, ఖరీదూ తక్కువే. రోజూ మాత్ర దగ్గర జరిగే యుద్ధం పోయింది. ఆ ఇంజెక్షన్ వల్ల చేతులు వణికితే, వణుకు తగ్గడానికి పాసిటేన్ మాత్ర ఇచ్చారు. వచ్చినప్పుడల్లా నర్సు వాడి మోచేయి వంచి బిగుసుకుందేమో చూస్తుంది, బరువు రాసుకుంటుంది. వాడికి వినిపించే గొంతులు పూర్తిగా పోలేదు. కానీ స్నానం చేస్తున్నాడు, మాతో కూర్చుని తింటున్నాడు.

ఇక ఆఫీసు సంగతి. కరపత్రంలో 24 గంటల నంబరు అని ఉంటుంది. ఓ ఆదివారం రాత్రి వాడు నిద్రపోకుండా గదంతా తిరుగుతుంటే ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చివరికి మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి చేశాం. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. వాదించొద్దు, ఒక్కరే దగ్గరుండండి, గదిలో కత్తుల్లాంటివి తీసేయండి, మీద పడితే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి అన్నారు. మాకు ఆ రాత్రి కావలసింది అంతే.

ఖర్చంతా చేతి నుంచే. మానసిక జబ్బుకీ మిగతా జబ్బుల్లాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది గానీ, మా పాలసీ అడ్మిట్ అయితేనే డబ్బిస్తుంది. ఇంటి దగ్గర పునరావాస సేవలు ప్రభుత్వమే కల్పించాలని కూడా అదే చట్టంలో ఉంది. మా వీధికైతే ఇంకా రాలేదు.

ఇలాంటి సర్వీసు చూసుకునేవాళ్లు చేరకముందే రాత్రి ఫోను ఎవరెత్తుతారో అడిగి, ఆ మనిషి నంబరు తీసుకోండి. క్లోజపిన్ (మిగతా మందులు పనిచేయనప్పుడు ఇదే జబ్బుకి ఇచ్చే మందు) వాడేవాళ్లయితే మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తపరీక్ష ఉంటుంది, శాంపిల్ ఇంటికొచ్చి తీస్తారో లేదో కనుక్కోండి. చంపుతాననో, చస్తాననో అంటున్న మనిషికి మాత్రం ఇది సరిపోదు, హాస్పిటలే. మేమైతే ఆ నర్సు ఉన్నంతకాలం మానం.