ఒరిజినల్ అని నమ్మించి కాపీ ఎయిర్ పిస్టల్ అంటగట్టాడు, కొనేవాళ్లు జాగ్రత్త

ఆదివారం జరిగింది, ఇవాళ బుధవారం, ఇంకా కోపం తగ్గలేదు. అన్నం సహించడం లేదు. లక్షా ముప్పై ఐదు వేలు పోయాయి. డబ్బు సంగతి పక్కన పెట్టండి, మా బిడ్డ మూడు నెలలు పడిన ఏడుపు నాకు మర్చిపోవడం కావట్లేదు. అమ్మినవాడి పేరు రాయను, కేసు వేయబోతున్నాను. సెకండ్ హ్యాండ్ షూటింగ్ సామాను కొనేవాళ్లకు ఎలాగూ తెలుసు, "విదేశీ పిస్టల్, మెడలిస్ట్ వాడింది, ఒక్కటే పీసు ఉంది" అని వారం వారం స్టేటస్ పెట్టే ఆయనే.

మాది మిర్యాలగూడ, లేత్ షాపు. బిడ్డ పదో తరగతి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చిందని టీవీలో చూసినప్పటి నుంచి పట్టుకుంది, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటానని. శని, ఆదివారాలు పొద్దున బస్సెక్కి హైదరాబాద్ పోతాం, రాత్రికి వస్తాం. ఇన్నాళ్లూ అకాడమీ పిస్టల్‌తోనే కొట్టింది. సొంతది ఉంటే చేతికి తగ్గట్టు గ్రిప్పు చెక్కించుకోవచ్చని కోచ్ సార్ అన్నారు. ఆస్ట్రియాలో తయారయ్యే స్టెయిర్ ఎల్‌పీ10 అనే పోటీ ఎయిర్ పిస్టల్ కొత్తది కొనడం మా వల్ల కాదు కాబట్టి వాడినదైనా చాలనుకున్నాం. మా ఇంటామె చిట్టీ ఎత్తింది. 50 వేలు ఫోన్‌పే చేశాను, మిగతాది నోట్లు ఇచ్చాను. బిల్లు అడిగితే "సెకండ్ హ్యాండ్ మాల్‌కు బిల్లేంది సార్" అన్నాడు, నేను తలూపాను. ఆ తలూపడం నా తప్పే, ఒప్పుకుంటాను.

కొన్న వారం నుంచే బిడ్డ స్కోరు పడిపోయింది. అకాడమీ పిస్టల్‌తో 60 షాట్లకు (షాటుకు పది చొప్పున మొత్తం 600) 555, 558 కొట్టేది, సొంత పిస్టల్‌తో 540 దాటలేదు. నాలుగు షాట్లు సరిగ్గా పడితే ఐదోది ఎనిమిదిలోకో ఏడులోకో జారిపోతుంది. "డాడీ, నేను సరిగ్గానే కొట్టాను, అది అక్కడికి ఎందుకు పోయిందో నాకు తెలియదు" అనేది. ఫోన్ ఎక్కువ చూస్తున్నావు, నిద్ర చాలట్లేదు, అందుకే చెయ్యి వణుకుతోంది అని నేనే తిట్టాను. ఒకసారి బస్సులో నలుగురి ముందు తిట్టాను. ఆ అమ్మాయి చెప్పింది నిజం. రోజూ ఇనుముతో పని చేసే నేను ఒక్కసారైనా పిస్టల్‌ను అనుమానించలేదు, బిడ్డను అనుమానించాను.

ఆదివారం హైదరాబాద్‌లో పోటీ. కాల్చే ముందు పిస్టల్‌ను పరీక్షకు ఇవ్వాలి. ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తక్కువ ఉండకూడదని నియమం. గొట్టాన్ని నిటారుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం తగిలించి పైకి లేపుతారు, తూకం లేచినా ట్రిగ్గర్ పడకూడదు. మొదటిసారే పడిపోయింది. స్క్రూ బిగించి తెచ్చాం, ఒకసారి నిలిచింది, మళ్లీ చూస్తే పడింది. ఈలోపు పరీక్ష చేసే ఆయన పిస్టల్‌కు గాలి అందించే సిలిండర్‌ను తిప్పి చూసి "దీని మీద తయారీ తేదీ ఎక్కడుంది?" అన్నారు. తయారై పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీలో ఒప్పుకోరు. మాదాని మీద అసలు తేదీయే లేదు. ఆయన కోప్పడలేదు పాపం, మెల్లగా పక్కకు పిలిచి "ఇది ఎక్కడ కొన్నారు?" అని అడిగారు. అప్పుడే నా కాళ్ల కింద నేల కదిలింది. మూడు నెలలుగా ముట్టుకోని అకాడమీ పిస్టల్ అప్పటికప్పుడు తీసుకుని కాల్చింది బిడ్డ. 541. క్వాలిఫై కాలేదు.

అక్కడి నుంచి నేరుగా అమ్మినవాడి షాపుకు పోయాం. బిడ్డను బయట ఉంచి లోపలికి పోయి ఉంటే బాగుండేది, తోలుకుపోయాను. నేను గొడవ పెట్టుకోవడానికి పోలేదు. పిస్టల్ బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది ఒరిజినల్ కాదంటున్నారు, వెనక్కి తీసుకుని నా డబ్బు నాకు ఇవ్వు" అన్నాను, అంతే. ఆయన పిస్టల్ వైపు చూడనైనా చూడలేదు. టీ తాగుతూ నా బిడ్డ వైపు చూసి, "ఏం పాపా, ఎంత కొట్టినవ్?" అన్నాడు. బిడ్డ 541 అని చెప్పింది. అప్పుడు నా వైపు తిరిగి అన్న మాటలు ఇవి, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "నల్గొండ జిల్లా నుంచి బస్సెక్కి వచ్చి ఒరిజినల్ అంటే ఏందో నాకు చెప్తున్నవా? ముందుగాల నీ బిడ్డకు కొట్టుడు నేర్పియ్. కొట్టరానోళ్లే పిస్టల్‌కు పేర్లు పెడ్తరు."

షాపులో ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. ఒకడు నవ్వాడు. మా బిడ్డ తల దించుకుంది. మూడు నెలలుగా నేను ఏ మాట అని దాన్ని ఏడిపించానో, సరిగ్గా ఆ మాటే వాడి నోటి నుంచి విన్నాను. నా చేతులు వణికాయి, మాట రాలేదు. ఆయన ఇంకా ఆగలేదు, "మను భాకర్ పిస్టలే టోక్యోల ఆగిపోయింది, మీదెంత" అన్నాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె పిస్టల్ పోటీ మధ్యలో పాడైన మాట నిజమే. సరిచేసుకుని వచ్చి మిగతా షాట్లు కాల్చి, 575తో 12వ స్థానంలో ఆగింది, 2024లో పారిస్‌లో రెండు పతకాలు తెచ్చుకుంది. అసలైన యంత్రం చెడిపోవడం వేరు, నకిలీని అసలని అమ్మడం వేరు. చివరికి పోలీసుల దగ్గరికి పోతానంటే "పో, నీకు లైసెన్స్ లేదు, నువ్వే లోపలికి పోతవ్" అని బెదిరించాడు. ఇది పచ్చి అబద్ధం. ఆయుధ నియమాలు 2016 ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ పిస్టల్ పెట్టుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టల్ శక్తి ఆరు జౌళ్ల చుట్టుపక్కలే. ఆ క్షణంలో మాత్రం నాకు ఇదేమీ తెలియదు, భయపడి బయటికి వచ్చేశాను.

సోమవారం నా లేత్ షాపు తెరవలేదు. కోచ్ సార్ మా పరిస్థితి చూసి తన ఎల్‌పీ10 ఇచ్చారు, రెండూ పక్కపక్కన పెట్టి విప్పాను. పైకి రెండూ కవల పిల్లలే. తూకం వేస్తే ఒరిజినల్ కిలో లోపే, మాది 1,080 గ్రాములు. అల్యూమినియం ఉండాల్సిన చోట చవక పోత లోహం ఉంది. ఎల్‌పీ10లో కాల్చిన క్షణంలో కదిలి కుదుపును మింగేసే చిన్న బరువు ఒకటి ఉంటుంది, స్టెబిలైజర్ అంటారు. మాదాంట్లో దాని మూత ఉంది, మూత మీద స్క్రూ ఉంది, విప్పితే లోపల కదిలేది ఏమీ లేదు, ఉత్త దిమ్మె. చూసేవాడి కంటి కోసమే పెట్టిన మూత అది! ట్రిగ్గర్ ఆగే కొక్కేన్ని తీసి ఆకురాయి పెట్టాను. గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి, ఇది మెత్తగా కొరికేసింది. మూడు నెలలకే అంచు అరిగింది, అందుకే ఒకసారి 500 గ్రాములు ఆగుతుంది, ఇంకోసారి ఆగదు. గొట్టంలో పెల్లెట్‌ను (చిన్న గుండును) సన్న కడ్డీతో నెట్టి చూస్తే ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు, మన దగ్గర అప్రెంటిస్ కుర్రాడు చేసినా ఇంతకంటే నయంగా చేస్తాడు. సీరియల్ నంబరు పిస్టల్ మీద ఒకటి, పెట్టెలోని టెస్ట్ కార్డు (ఫ్యాక్టరీలో కాల్చి చూసిన కాగితం) మీద ఇంకొకటి. ఇది చూడటానికి పనిముట్లు కూడా అక్కర్లేదు. కొన్న రోజే చూడాల్సింది, చూడలేదు.

నిన్న అకాడమీలో వేగం కొలిచే యంత్రం పెట్టి పది షాట్లు కాల్చాం. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది, దాన్ని తగ్గించి ప్రతి షాటుకూ ఒకే కొలత గాలి అందించేది రెగ్యులేటర్. కోచ్ సార్ పిస్టల్ పది షాట్లూ సెకనుకు 150 మీటర్ల దగ్గరే నిలిచింది. మాది ఒకటి 151, ఒకటి 128, మిగతావి మధ్యలో ఎక్కడెక్కడో. లెక్క వేస్తే 10 మీటర్ల దూరంలో ఆ తేడాకే పెల్లెట్ దాదాపు 8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. టార్గెట్ మీద ఒక్కో వలయం వెడల్పు సరిగ్గా 8 మిల్లీమీటర్లు. అంటే చెయ్యి కదలకుండా కొట్టినా ఒక పాయింటు పిస్టలే తినేస్తుంది, దాని మీద గొట్టం చేసే తప్పు అదనం. ఆ కాగితం బిడ్డకు చూపించి, నీ తప్పు కాదమ్మా, నాదే తప్పు అని చెప్పాను. అది ఏమీ అనలేదు, కాగితం మడిచి తన నోట్‌బుక్‌లో పెట్టుకుంది.

కాపీ చేయడం నేరం అని నేను అనను, ఆ మాట అనే హక్కు నాకు లేదు కూడా. మిర్యాలగూడ రైస్ మిల్లులకు షాఫ్టులు, పుల్లీలు, బేరింగ్ హౌసింగులు కంపెనీవి చూసి కొలతలు తీసి నేనే చేసిస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే మా తిండి. కానీ ప్రతి మిల్లు ఓనరుకూ ఇది నేను చేసింది, కంపెనీది కాదు, ఇన్నాళ్లు వస్తుంది అని చెప్పే డబ్బు తీసుకుంటాను. నిజం తుపాకుల్లో కూడా కాపీలు ఎన్నో ఉన్నాయి. మన ఇషాపూర్ ప్రభుత్వ తుపాకీ ఫ్యాక్టరీ చేసే 9 ఎంఎం పిస్టల్ బ్రౌనింగ్ హై పవర్ అనే విదేశీ పిస్టల్ నమూనాదే, లైసెన్స్ తీసుకుని చేశారు. బ్రెజిల్‌లో ఇటలీ కంపెనీ బెరెట్టాకున్న ఫ్యాక్టరీని 1980లో అక్కడి కంపెనీ టారస్ కొనేసి, ఆ యంత్రాల మీదే తన పిస్టల్ చేసింది. పొరపాటున పేలకుండా ఆపే మీటను (సేఫ్టీని) బెరెట్టా తర్వాత కదిలే పై భాగం మీదికి మార్చుకుంటే టారస్ కింది చట్రం మీదే ఉంచింది, అది ఎంతో మందికి నచ్చింది. చెకోస్లొవేకియా సీజెడ్ 75 పిస్టల్‌ను చూసి ఇటలీలో చేశారు, ఇంకా చాలా దేశాల్లో చేశారు. వాళ్లందరూ తమ పేరు తామే కొట్టుకుని అమ్మారు. లోపలి కొలత, ఉక్కు గట్టితనం తెలుసుకుని చేసింది కాపీ అయినా పనిముట్టే. పైరూపం మాత్రం దించి, వేరేవాడి పేరు చెక్కి అమ్మేది దొంగతనం. 40 వేలకు "ఇది కాపీ, నేర్చుకోవడానికి పనికొస్తుంది" అని చెప్పి ఇచ్చి ఉంటే ఆలోచించి కొనేవాణ్ణేమో, ఇవాళ ఈ గొడవ ఉండేది కాదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మనం ఉండే ఊరి నుంచే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. బిల్లు లేకపోయినా నా దగ్గర ఫోన్‌పే రసీదు ఉంది, "100% ఒరిజినల్ సార్, నాది గ్యారంటీ" అని ఆయన పంపిన మెసేజ్ ఉంది. నల్గొండలో శుక్రవారం వేస్తున్నాను. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను.

కొనేవాళ్లకు చెప్పేది కొంచెమే. బిల్లు లేకుండా రూపాయి ఇవ్వకండి. పిస్టల్, పెట్టె, టెస్ట్ కార్డు మీద నంబర్లు కలుస్తున్నాయో చూడండి. కోచ్‌ను వెంట తీసుకుపోయి 500 గ్రాముల తూకం పది సార్లు వేయించండి, వేగం కొలిపించండి, దీనికి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది సిలిండర్. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర బార్లు. ఇందులో నింపేది 200 బార్లు. ఏ లోహమో తెలియదు, గోడ ఎంత మందమో తెలియదు, పరీక్ష ముద్ర లేదు, తేదీ లేదు, దాన్ని మా బిడ్డ మూడు నెలలు మొహానికి చెయ్యి దూరంలో పట్టుకుంది. రాత్రి పడుకుంటే నాకు ఇదే గుర్తుకొస్తోంది. గాలి మొత్తం వదిలేసి దాన్ని నా షాపులో బీరువాలో పెట్టి తాళం వేశాను. అదే మనిషి దగ్గర కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వెంటనే మీ సిలిండర్ తిప్పి చూడండి. తేదీ లేకపోతే మళ్లీ గాలి నింపకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.