గ్యాలరీ గోడ మీద మీ ఎన్‌ఎఫ్‌టీ చూపిస్తామంటారు: డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

డిజిటల్ బొమ్మ, దానికో ఎన్‌ఎఫ్‌టీ (బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి డిజిటల్ ఖాతాలో ఆ బొమ్మ పేరిట నమోదయ్యే టోకెన్), ఆ బొమ్మను గోడల నిండా ప్రొజెక్టర్లతో చూపించే ఇమ్మర్సివ్ హాలు. ఈ మూడింటినీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మే కంపెనీల దగ్గర కొనబోతున్నవాళ్ల కోసం ఈ పోస్టు. అలాంటి ఒక కంపెనీ దగ్గర కొన్నవాళ్ల ఇన్‌వాయిస్‌లు, టోకెన్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాక రాస్తున్నాం. పేరు రాయట్లేదు. ఇదే బేరం రేపు ఇంకో బోర్డు కింద కూడా ఎదురవుతుంది కాబట్టి, పేరు కంటే పద్ధతి తెలుసుకోవడమే మీకు పనికొస్తుంది.

ప్యాకేజీ ధర రూ.48,000. నోటితో చెప్పినవి మూడు: బొమ్మ జీవితాంతం మీదే, ఏడాదిలో 30 రోజులు హాల్లో ప్రదర్శన, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి అమ్ముకోవచ్చు. ఇన్‌వాయిస్‌లో మాత్రం ఒకే ఒక్క లైను, ‘డిజిటల్ ఆర్ట్ సర్వీసెస్’ అని. బొమ్మకెంత, టోకెన్‌కెంత, ప్రదర్శనకెంత అన్నది ఎక్కడా లేదు. ఏడాది తిరక్కముందే కొన్నవాళ్ల వాలెట్‌లో (టోకెన్లు దాచుకునే యాప్‌లో) బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు చతురస్రం మిగిలింది. టోకెన్ ఉంది, బొమ్మ లేదు. కస్టమర్ కేర్‌ని అడిగితే ‘బ్లాక్‌చెయిన్‌లో భద్రంగా ఉందండీ’ అన్న జవాబే మళ్లీ మళ్లీ వచ్చింది. అది అబద్ధం కాదు, అలాగని మొత్తం నిజమూ కాదు.

ఎందుకంటే ఎన్‌ఎఫ్‌టీలకి మామూలుగా వాడే ఈఆర్‌సీ-721 రకం టోకెన్‌లో బొమ్మ ఉండదు. ఫలానా నంబరు టోకెన్ ఫలానా వాలెట్‌ది అన్న నమోదు ఉంటుంది, దానితోపాటు ఒక లింకు ఉంటుంది. ఆ లింకు ఒక చిన్న జేసన్ ఫైలుకి (వివరాలు రాసి ఉంచే టెక్స్ట్ ఫైలు) తీసుకెళ్తుంది. అందులో బొమ్మ పేరు, వివరణ, చివర్లో అసలు బొమ్మ ఉన్న చోటికి ఇంకో లింకు ఉంటాయి. అంటే రెండు మెట్లు. ఏ ఒక్కటి విరిగినా మీకు కనిపించేది ఆ బూడిదరంగు చతురస్రమే.

కొనకముందే దీన్ని చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. కాంట్రాక్ట్ అడ్రస్ (టోకెన్లని నడిపే ప్రోగ్రాంకి బ్లాక్‌చెయిన్ మీద ఉండే చిరునామా) అడిగి తీసుకోండి, ఇప్పటికే అమ్ముడైన ఒక టోకెన్ నంబరు కూడా అడగండి. బ్లాక్‌చెయిన్ ఈథీరియం అయితే ఈథర్‌స్కాన్ సైట్‌లో, పాలిగాన్ అయితే పాలిగాన్‌స్కాన్‌లో ఆ అడ్రస్ పెట్టండి. ‘కాంట్రాక్ట్’ ట్యాబ్‌లో ‘రీడ్ కాంట్రాక్ట్’ నొక్కి, కింద ‘టోకెన్‌యూఆర్‌ఐ’ అన్నచోట నంబరు వేసి క్వెరీ కొట్టండి. వచ్చిన జవాబు ‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలై కంపెనీ వెబ్‌సైట్ పేరు కనిపిస్తే, ఆ సర్వర్‌కి అద్దె కట్టినన్నాళ్లే మీ బొమ్మ బతుకు. ‘ఐపీఎఫ్ఎస్’ (ఫైళ్లని ఒకే సర్వర్ మీద కాకుండా చాలా కంప్యూటర్లలో ఉంచే నెట్‌వర్క్) అని వస్తే కొంత నయం. ‘డేటా’ అని మొదలై వెనకాల పొడవాటి అక్షరాల చిట్టా వస్తే జేసన్ వివరాలు చెయిన్ మీదే ఉన్నట్టు. అలాంటివి తక్కువ, వాటిలోనూ బొమ్మ లింకు ఎటు పోతోందో చూడాల్సిందే. రీడ్ ట్యాబే కనిపించక, సోర్స్ కోడ్ వెరిఫై చేయలేదని వస్తే ఇంక అడగాల్సింది ఏమీ లేదు, వదిలేయండి.

ఇక్కడే ఆ కంపెనీ తెలివి చూడాలి. టోకెన్‌యూఆర్‌ఐ కొడితే చక్కగా ఐపీఎఫ్ఎస్ లింకే వస్తుంది, అమ్మేటప్పుడు స్క్రీన్ మీద దాన్నే చూపించారు. ఆ జేసన్ ఫైలు తెరిచి ‘ఇమేజ్’ అన్న లైను చదివితే మాత్రం అక్కడున్నది కంపెనీ సొంత డొమైన్ లింకు. మొదటి మెట్టు రాయి, రెండోది థర్మాకోల్. కాబట్టి రెండో లింకు వరకూ వెళ్లి చూడందే తృప్తి పడకండి.

దీనికి ఊరూ పేరూ ఉన్న ఉదాహరణ కావాలంటే ఎఫ్‌టీఎక్స్ ఉంది. 2022 నవంబరులో ఆ క్రిప్టో ఎక్స్ఛేంజ్ దివాలా తీశాక, దాని సొంత ప్లాట్‌ఫాం మీద మింట్ అయిన (టోకెన్‌గా తయారైన) ఎన్‌ఎఫ్‌టీల్లో బొమ్మలు మాయమయ్యాయి. లింకులు నొక్కితే దివాలా వ్యవహారాల పేజీకి పోయాయి. టోకెన్లు మాత్రం ఎవరి వాలెట్‌లో వాళ్లకే ఉన్నాయి.

ఐపీఎఫ్ఎస్ అన్నంత మాత్రాన గుండె మీద చెయ్యేసుకుని పడుకోలేం. ఆ నెట్‌వర్క్‌లో ఫైలుని ఎవరో ఒకరు పిన్ చేసి (తమ కంప్యూటర్‌లో చెరిగిపోకుండా) ఉంచాలి, లేకపోతే కొన్నాళ్లకి దొరకదు. పిన్నింగ్‌కి కంపెనీ నెలనెలా డబ్బు కడుతుంది, మానేస్తే అంతే. మంచి సంగతేమిటంటే ఐపీఎఫ్ఎస్‌లో ఫైలు చిరునామా దాని కంటెంట్ నుంచే పుడుతుంది, కాబట్టి ఒరిజినల్ ఫైలు మీ దగ్గరుంటే మీరే ఏదైనా పిన్నింగ్ సర్వీసులో పెట్టి అదే చిరునామాని బతికించుకోవచ్చు. ఎక్కించేటప్పటి సెట్టింగులు కూడా అవే ఉండాలి, తేడా వస్తే చిరునామా మారుతుంది. అందుకే డబ్బు కట్టే రోజే బొమ్మ ఫైలు, జేసన్ ఫైలు రెండూ డౌన్‌లోడ్ చేసి, ఆ చిరునామా రాసి పెట్టుకోండి. వాట్సాప్‌లో పంపించుకున్న కాపీ పనికిరాదు. అది కుదించేస్తుంది, ఒక్క బైటు మారినా చిరునామా వేరే అయిపోతుంది. ఇంకోటి, ‘రైట్ కాంట్రాక్ట్’ ట్యాబ్‌లో ‘సెట్‌బేస్‌యూఆర్‌ఐ’ లాంటి ఫంక్షన్ కనిపిస్తే, కంపెనీ తలుచుకుంటే మీ బొమ్మ తీసి ఇంకో బొమ్మ పెట్టగలదన్నమాట.

అదే రీడ్ పేజీలో ‘ఓనర్‌ఆఫ్’ దగ్గర మీకిచ్చిన నంబరు వేయండి. మీ వాలెట్ అడ్రస్ రాకుండా కంపెనీ అడ్రస్ వస్తే టోకెన్ వాళ్ల దగ్గరే ఉంది, వాళ్ల యాప్‌లో మీ పేరు రాసుకున్నారంతే. అసలు నంబరే లేదని ఎర్రర్ వస్తే మింటే కాలేదు. సగం డబ్బు కట్టి, టోకెన్ మీ సొంత వాలెట్‌కి వచ్చాకే మిగతా సగం అని పట్టుబట్టండి. మర్యాదగా మూసుకున్న ప్లాట్‌ఫాంలూ ఉన్నాయి. క్రిప్టో ఎక్స్ఛేంజ్ క్రాకెన్ తన ఎన్‌ఎఫ్‌టీ మార్కెట్‌ని మూసేస్తూ, టోకెన్లు బయటికి తీసుకోవడానికి 2025 ఫిబ్రవరి 27 దాకా గడువిచ్చింది. అందరూ అలా ఇస్తారని రాసిపెట్టి లేదు.

ఇప్పుడు ప్రదర్శన లెక్క. ‘30 రోజుల ప్రదర్శన’ అంటే 30 రోజులూ గోడ మీద ఉంటుందనుకుంటాం. హాల్లో నడిచేది లూప్, అంటే బొమ్మలన్నీ వరసగా వచ్చి మళ్లీ మొదటికొచ్చే చక్రం. 40 నిమిషాల లూప్‌లో 200 బొమ్మలుంటే ఒక్కోదానికి వచ్చేది 12 సెకన్లు. రోజుకి ఎనిమిది గంటలు తెరిచి ఉంటే లూప్ 12 సార్లు తిరుగుతుంది, అంటే మీ బొమ్మకి రోజుకి 144 సెకన్లు. నెలంతా కలిపితే 72 నిమిషాలు. మధ్యాహ్నం రెండింటికి ఖాళీ హాల్లో తిరిగిన లూప్ కూడా అందులో కలిసే ఉంటుంది. అందుకే లూప్ నిడివి, అందులో బొమ్మల సంఖ్య, మీ బొమ్మకి సెకన్లు, తేదీలు, హాలు చిరునామా ఒప్పందంలో రాయించుకోండి. ‘వచ్చే సీజన్‌లో’ అన్న మాటకి తేదీ ఉండదు.

బొమ్మ ఎలా కనిపిస్తుందో కూడా అడగాలి. ఇలాంటి హాళ్లలో మామూలుగా వాడే ప్రొజెక్టర్ రిజల్యూషన్ 1920×1200. అది ఆరు మీటర్ల వెడల్పు గోడని కప్పితే ఒక్కో పిక్సెల్ మూడు మిల్లీమీటర్లకి పైనే ఉంటుంది. దగ్గరికెళ్తే బొమ్మ గళ్ల బట్టలా కనిపిస్తుంది. చతురస్రం బొమ్మని ఆ 16:10 చట్రం నిండా పరిస్తే పైనా కిందా కలిపి 37.5 శాతం కోతకి పోతుంది. ముఖచిత్రమైతే నుదురో గడ్డమో మిగలదు. రెండు ప్రొజెక్టర్ల వెలుగు కలిసే చోట బ్లెండింగ్ సరిగా చేయకపోతే నిలువునా తెల్లటి పట్టీ కనిపిస్తుంది. టెస్ట్ వీడియో అడిగితే మీ బొమ్మతోనే, ఆ గోడ మీదే తీసినది అడగండి. కంప్యూటర్‌లో చేసిన త్రీడీ నమూనా చూపించి హాలు అనిపించడం పరిపాటి.

అసలు అనుమానించాల్సింది ఇంకోటుంది. ఇమ్మర్సివ్ హాలు బతకాల్సింది టికెట్ల మీద. పారిస్‌లో పాత ఫౌండ్రీని బాగుచేసి 2018లో తెరిచిన అటెలియే దె లుమియేర్ అలా టికెట్టు కొని వచ్చే జనం కోసం కట్టినదే. చూసేవాడి దగ్గర కాకుండా బొమ్మ కొన్నవాడి దగ్గర డబ్బు రాబట్టే హాలుంటే, చూసేవాళ్లు రావట్లేదని మా లెక్క. టికెట్లతో నడిచేవాటికే గ్యారంటీ లేదు. టొరంటోలో మొదలై అమెరికా నగరాల్లో హాళ్లు పెట్టిన లైట్‌హౌస్ ఇమ్మర్సివ్ 2023 జూలైలో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. మీ ‘జీవితకాల ప్రదర్శన హక్కు’ ఆ హాలు లీజు ఎంతకాలమో అంతకాలమే, కాబట్టి లీజు గడువు అడగండి.

కాపీరైట్ సంగతి క్లుప్తంగా. టోకెన్ కొంటే కాపీరైట్ రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవాళ్ల సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. చిత్రకారుడి సంతకం ఉన్న కాగితం కంపెనీ చూపించలేకపోతే మీకు అమ్మే హక్కు దానికే ఉందో లేదో! 2022 జనవరిలో ఎన్‌ఎఫ్‌టీలు అమ్మే మార్కెట్ ఓపెన్‌సీ స్వయంగా చెప్పింది, తమ ఉచిత మింటింగ్ టూల్‌తో తయారైనవాటిలో 80 శాతానికి పైగా కాపీలు, నకిలీలు, స్పామే అని.

‘మళ్లీ అమ్ముకోవచ్చు’ అంటే ఆ కాంట్రాక్ట్ పేజీలో ట్రాన్స్‌ఫర్ల జాబితా చూడండి. అవే మూడు నాలుగు వాలెట్లు ఒకదానికొకటి అమ్ముకుంటూ ధర పెంచుతుంటే బయటి కొనుగోలుదారు లేడు. ఒకవేళ లాభానికి అమ్మారే అనుకుందాం, ఇండియాలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. కొన్న ధర తప్ప గ్యాస్ ఫీజు (బ్లాక్‌చెయిన్ మీద లావాదేవీకి కట్టేది) లాంటి ఖర్చేదీ తీసెయ్యనివ్వరు, ఒకదాంట్లో నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకోనివ్వరు. ‘నెలకింత అద్దె ఖాయం’ అన్నారంటే అది కళ కాదు, డిపాజిట్ల వ్యవహారం. అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు చేయాల్సింది: ఇన్‌వాయిస్, చాట్, బ్రోషర్, టోకెన్‌యూఆర్‌ఐ జవాబు, పనిచేయని లింకు, అన్నీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. రాతపూర్వకంగా నోటీసు పంపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల దాకా ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. లాభానికి తిరిగి అమ్మడానికే కొన్నారని అవతలివాళ్లు వాదిస్తే మీరు వినియోగదారులే కాదంటారు. అందుకే ప్రదర్శన సేవ ఇవ్వలేదన్న ముక్కని ఫిర్యాదులో ముందు పెట్టండి. ఇన్‌వాయిస్‌లో ఆ సేవకి విడిగా ధర రాయించుకున్నవాళ్లకి ఇక్కడ పని తేలిక. వాలెట్ ఖాళీ అయినా, డబ్బు మోసం జరిగినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఒకటి గుర్తుంచుకోండి. ఫిర్యాదు పెట్టిన వారంలోపే ‘రీఫండ్ కోసం వాలెట్ కనెక్ట్ చేయండి’ అని టెలిగ్రామ్‌లో లింకు రావచ్చు. వాలెట్‌లో తెరుచుకున్న పెట్టెలో ‘సెట్ అప్రూవల్ ఫర్ ఆల్’ అని ఉంటే ‘రిజెక్ట్’ నొక్కండి. అది ఒప్పుకుంటే ఆ కలెక్షన్‌లో మీకున్న టోకెన్లన్నీ వాళ్లు తీసుకోవచ్చు. ఇప్పటికే ఒప్పుకుని ఉంటే ఈథర్‌స్కాన్‌లో ‘టోకెన్ అప్రూవల్స్’ పేజీ తెరిచి ‘రివోక్’ చేయండి, కొంచెం గ్యాస్ ఫీజు పడుతుంది. డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడేదాకా టోకెన్ తిరిగి పంపకండి.