మొగల్రాజపురం క్లాట్ లాంగ్ టర్మ్ బ్యాచ్: ఫీజు కట్టే ముందు పాత పేపర్ మళ్లీ రాయించండి

విజయవాడ మొగల్రాజపురంలో ఓ కోచింగ్ సెంటర్ క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) మళ్లీ రాసే రిపీటర్ల కోసం నడిపే లాంగ్ టర్మ్ బ్యాచ్ గురించి ఈ రివ్యూ. ఇంటర్ పరీక్షలు అయిపోగానే మొదలై డిసెంబరులో క్లాట్ దాకా సాగుతుంది. పొద్దున నాలుగు గంటలు క్లాసులు, మధ్యాహ్నం స్టడీ అవర్, ఆదివారం ఫుల్ మాక్ టెస్ట్.

చదువు చెప్పే తీరు బాగానే ఉంది. అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఇచ్చే సలహాతోనే పేచీ. ర్యాంకు కార్డు చూసి, "ఇంకో ఇరవై మార్కులు తెచ్చుకుంటే మంచి ఎన్‌ఎల్‌యూ (జాతీయ లా యూనివర్సిటీ) వస్తుందమ్మా" అని ఫారం చేతిలో పెడతారు. ఆ ఇరవై మార్కులు ఎక్కడ పోయాయని ఎవరూ అడగరు. మళ్లీ రాయాలా వద్దా అన్నది తేలేది అక్కడే. అది ఇంట్లోనే, పైసా ఖర్చు లేకుండా, రెండు పూటల్లో తేల్చుకోవచ్చు.

ఎలాగంటే, ప్రశ్నపత్రం, ఫైనల్ కీ, మీవాడి ఓఎంఆర్ కాపీ దగ్గర పెట్టుకోండి. కీ పిల్లవాడికి చూపించొద్దు. ఇంట్లో ఇంకెవరైనా దిద్దాలి. ఉదాహరణకు 120లో 72 రైటు, 32 తప్పు, 16 ఖాళీ అనుకుందాం. తప్పుకు పావు మార్కు చొప్పున 8 పోయి 64 మిగులుతాయి. ఇప్పుడు తప్పులు, ఖాళీలు కలిసిన ఆ 48 బిట్లలో, రైటు పెట్టినవాటిలోంచి ఓ 20 కలిపేయండి. ఏది ఏదో చెప్పకుండా 68 బిట్లూ కొత్త కాపీ మీద, టైమ్ పెట్టకుండా రాయించండి. రైటువి కలపకపోతే ‘ఇవన్నీ తప్పులే’ అని తెలిసిపోయి, పాత ఆప్షన్ వదిలేసి ఇంకోటి పెడతారు. అప్పుడు ఈ పరీక్షకు అర్థం ఉండదు.

ఆ 48లో ముప్ఫై దాకా ఇప్పుడు రైటయితే పిల్లవాడికి విషయం వచ్చు, చేయి తిరగలేదంతే. 120 నిమిషాల్లో 120 బిట్లు, అదీ పేజీల కొద్దీ పాసేజీలు చదివి పెట్టాలి. వేగం సాధనతో వస్తుంది కాబట్టి మళ్లీ రాయడం దండగ కాదు. టైమ్ ఎంతిచ్చినా పది పన్నెండు దాటకపోతే మాత్రం ఇబ్బంది చదివి అర్థం చేసుకోవడంలోనే ఉంది. అది ఆదివారం మాక్‌లతో తీరేది కాదు. రోజూ ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదివి, రాసినాయన వాదన ఏమిటో రెండు వాక్యాల్లో సొంతంగా రాసుకుంటూ నెలల తరబడి పట్టు పట్టాలి. అందుకు సిద్ధపడకుండా ఏడాది ఆగితే మళ్లీ దాదాపు అదే స్కోరు వస్తుంది.

కలిపిన ఆ 20లో ఐదారు ఇప్పుడు తప్పయితే, అవి మొదటిసారి గుడ్డిగా తగిలినవి. అసలు స్థాయి 64 కంటే కిందే ఉందని లెక్క. తల్లిదండ్రులు ఎక్కువగా చూడకుండా వదిలేసేది దీన్నే.

పోయిన మార్కులు ఎక్కువగా కరెంట్ అఫైర్స్‌లో (28 నుంచి 32 బిట్లు), మ్యాథ్స్‌లో (10 నుంచి 14) ఉంటే లాంగ్ టర్మ్ అక్కర్లేదు. ఎంపీసీ చదివిన పిల్లలకు ఆ మ్యాథ్స్ శాతాలు, నిష్పత్తులు, పట్టికల లెక్కలే.

ఇక బ్యాచ్ సంగతి. లీగల్ రీజనింగ్ క్లాసు కోసమైనా ఇక్కడ చేరొచ్చు. పాసేజీలో ‘మైనర్ చేసుకున్న ఒప్పందం చెల్లదు’ అని ఉంటుంది. పదిహేడేళ్లవాడు వయసు దాచి బైక్ కొన్నాడు, బాకీ ఎగ్గొట్టాడు. మోసం చేశాడు కాబట్టి కట్టాల్సిందే అని మన పిల్లలు ఠక్కున పెట్టేస్తారు. పాసేజీలో మోసానికి మినహాయింపు ఉందా? లేదు. అయితే ఒప్పందం చెల్లదు, అంతే. మన న్యాయబుద్ధి కాదు, ఇచ్చిన సూత్రమే కొలమానం అని ఆ క్లాసులో ప్రతి బిట్‌కీ ఒప్పజెప్పిస్తారు. ‘తప్ప’, ‘అయితే’ అనే అర్థమొచ్చే మాటల కింద గీత గీయిస్తారు. తప్పులు ఎక్కువగా లీగల్‌లో ఉన్నవాళ్లకు ఇది నిజంగా మేలు.

మెటీరియల్ మాత్రం పాతది. క్లాట్ 2020 నుంచి పాసేజీల పద్ధతికి మారింది. వీళ్ల ఇంగ్లిష్ పుస్తకంలో ఇంకా పర్యాయపదాల జాబితాలు, జీకేలో రాజధానులు, నదులు. కొన్ని మాక్‌లు 150 బిట్లవి. క్లాట్ 2024 నుంచి పేపర్ 120 బిట్లకు తగ్గింది కదా, ఆ మార్కులతో దేన్ని పోల్చుకోవాలి? మాక్ పొద్దునే పెడతారు. అసలు పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. అన్నం తిన్నాక ముంచుకొచ్చే మగతలో రెండు గంటలు చదవడం కూడా అలవాటు కావాలి. అన్నిటికంటే పెద్ద లోటు, మాక్ అయ్యాక ర్యాంకు లిస్టు బోర్డు మీద అంటిస్తారు తప్ప ఎవరి తప్పులు ఎలాంటివో కూర్చోబెట్టి చూడరు. ఎంసెట్, నీట్ లాంగ్ టర్మ్‌ల నుంచి వచ్చిన అలవాటిది. బిట్ల సంఖ్య పెంచితే క్లాట్ లొంగదు.

క్లాట్‌కు వయోపరిమితి లేదు. పాత స్కోరు కొత్తదానికి అడ్డు రాదు. వైజాగ్ దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ లా వర్సిటీలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు కేటాయించిన సీట్లుంటాయి కాబట్టి, ఆలిండియా ర్యాంకు ఒక్కటే చూసి నీరుగారిపోకండి.

ఏడాది ఖాళీగా ఉంచడం ఇష్టం లేకపోతే రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌తో విజయవాడలోనో గుంటూరులోనో ఐదేళ్ల లా కోర్సులో చేరి డిసెంబరులో క్లాట్ రాసే దారీ ఉంది. లాసెట్ 90 నిమిషాల్లో 120 బిట్లు, నెగెటివ్ లేదు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. కాకపోతే తర్వాత ఎన్‌ఎల్‌యూ సీటొస్తే మళ్లీ మొదటి ఏడాది నుంచే చదవాలి. మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ ఏ షరతు మీద ఇస్తారో చేరే రోజే కాలేజీలో కాగితం మీద రాయించుకోండి.

మొత్తం బ్యాచ్‌కు చేరేవాళ్లు ఫీజు ఒకేసారి కట్టకుండా వాయిదాలు అడగండి, ఇస్తారు. వేగం ఒక్కటే సమస్య అయినవాళ్లు ఆగస్టులో మొదలయ్యే మాక్‌ల ప్యాకేజీ మాత్రం తీసుకుని, 150 బిట్ల పేపర్లు పక్కన పెట్టి, మిగతావి ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి ఓఎంఆర్ మీద రాసుకుంటే సరిపోతుంది.